మెరూన్ జెర్సీ మీద తెల్ల అక్షరాలు గులాబీ రంగుకు తిరిగాయి: ఒక టీషర్ట్ ప్రింటింగ్ షాపు కేసు

నేను స్క్రీన్ ప్రింటింగ్‌తో, అంటే సన్న జాలీ తెర గుండా ఇంకును ఒత్తే పద్ధతితో, మొదలుపెట్టినవాణ్ణి. ముందు శుభలేఖలు, తర్వాత గుడ్డ సంచులు, ఆ తర్వాత టీషర్ట్‌లు. ఇప్పుడు సొంత ప్రింటింగ్ తగ్గించి, కొత్తగా షాపు పెట్టుకున్నవాళ్లకు పని నేర్పిస్తున్నాను. మెషిన్ కొన్నాక ఇబ్బందుల్లో పడ్డవాళ్లు పిలిస్తే వెళ్తుంటాను. అలా వెళ్లిన ఒక కేసు ఇది. కోస్తా ఆంధ్రలో ఒక జిల్లా కేంద్రం. ఊరి పేరు, షాపు పేరు రాయడం లేదు, గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చాను. లెక్కలన్నీ ఆ షాపు పుస్తకంలోవే. మీ ఊళ్లో కూలి వేరు, ఫిల్మ్ ధర వేరు కాబట్టి అంకెలను కాక లెక్క కట్టిన పద్ధతిని చూడండి.

షాపు సంగతి

భార్యాభర్తలు నడుపుతున్న షాపు. అతను అంతకుముందు ఫ్లెక్సీ ప్రింటింగ్ చేసేవాడు. ఆ పనిలో పోటీ పెరిగి గిట్టుబాటు కాక, రెండేళ్ల కిందట 24 అంగుళాల డీటీఎఫ్ మెషిన్, రెండు హీట్ ప్రెస్‌లు కొన్నాడు. ఆమె లెక్కలు, ఆర్డర్లు చూస్తుంది. డిజైన్ చేయడానికి ఒక కుర్రాడు, ప్రెస్ మీద ఇంకొక కుర్రాడు.

డీటీఎఫ్ తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెబుతాను. డిజైన్‌ను బట్ట మీద కాకుండా ప్లాస్టిక్ ఫిల్మ్ మీద తిరగేసి ప్రింట్ చేస్తారు. ముందు రంగులు, వాటి మీద తెలుపు పడతాయి. ఇంకు తడిగా ఉండగానే జిగురు పౌడర్ చల్లి, వేడి చేసి కరిగిస్తారు. తర్వాత ఆ ఫిల్మ్‌ను బట్ట మీద పెట్టి హీట్ ప్రెస్‌తో ఒత్తితే డిజైన్ బట్టకు అంటుకుంటుంది. కాటన్, పాలిస్టర్, నలుపు, తెలుపు అన్నిటి మీదా పడుతుంది, ఒక్క పీస్ అయినా చేయవచ్చు. చిన్న షాపుకు ఇంత సౌకర్యంగా ఉన్న పద్ధతి ఇంతకుముందు లేదు. అతను దీన్ని ఎంచుకోవడంలో తప్పేమీ లేదని మొదటే చెప్పాలి.

ఎందుకు పిలిచాడు

సంక్రాంతికి వారం ముందు ఫోన్ వచ్చింది. అందులో అతను చెప్పిన డీటీజీ, నేరుగా బట్ట మీదే ప్రింట్ చేసే ఇంకో రకం మెషిన్.

"అన్నయ్యా, డీటీజీ మెషిన్‌కి కొటేషన్ తీసుకున్నాను. 14 లక్షలు. లోన్ కూడా ఓకే అన్నారు. మీరొకసారి చూసి సరేనంటే అడ్వాన్స్ ఇచ్చేస్తాను."

"ఉన్న మెషిన్‌కి ఏమైంది తమ్ముడూ?"

"దాంతో పేరు పోతోందన్నయ్యా. నెలలో రెండు పెద్ద ఆర్డర్లు పాడయ్యాయి."

మొదటి ఆర్డర్ ఒక క్రికెట్ టోర్నమెంట్‌ది. 140 మెరూన్ డ్రైఫిట్ జెర్సీలు, ముందు తెల్ల లోగో, వెనక తెల్ల అంకె. డెలివరీ రోజు పాల తెలుపు. నాలుగో రోజు కమిటీవాళ్లు కవర్లు విప్పి చూస్తే తెలుపంతా గులాబీ రంగు. కొన్నింటి మీద లేతగా, కొన్నింటి మీద రోజా పువ్వంత. రెండో ఆర్డర్ ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఫెస్ట్‌ది. 300 నల్ల కాటన్ టీషర్ట్‌లు, వీపు నిండా పెద్ద బొమ్మ. వేసుకుంటే వీపు మీద రెక్సిన్ ముక్క కట్టుకున్నట్టు ఉందనీ, చెమట పడుతోందనీ, నాలుగు ఉతుకులకే అంచులు లేస్తున్నాయనీ పిల్లల ఫిర్యాదు.

మెషిన్ అమ్మినవాళ్లు ముందు పౌడర్ మార్చమన్నారట, తర్వాత ఇంకు మార్చమన్నారట. రెండూ మార్చాడు, ఫలితం లేదు. దాంతో అసలు పద్ధతే మంచిది కాదన్న నిర్ణయానికి వచ్చాడు.

అడ్వాన్స్ ఇవ్వవద్దని, పాడైన బట్టలు కొన్ని పక్కన పెట్టమని చెప్పి బయల్దేరాను. అలా చెప్పడానికి కారణముంది. రెండు ఫిర్యాదులూ ఒకే మెషిన్ నుంచి వచ్చాయి కాబట్టి అతనికి అవి ఒకే జబ్బులా కనిపిస్తున్నాయి. ఒకచోట రంగు మారింది, ఇంకోచోట పొర మందమై అంచు లేచింది. లక్షణాలు వేరైనప్పుడు కారణాలు కూడా వేరై ఉండవచ్చు. రెండింటినీ కలిపేసి ఒకే మందు వేస్తే, ఒకవేళ ఒకటి తగ్గినా ఏది ఎందుకు తగ్గిందో తెలియదు.

మొదటి రోజు: బట్ట ఏమిటో తేల్చుకోవడం

షాపులో మెషిన్ దగ్గరకు వెళ్లకుండా కౌంటర్ దగ్గరే కూర్చుని, పాడైన బట్టల కుట్టు లోపల నుంచి పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూశాను. కాటన్ పోగు కాగితంలా మండి, కాగితం కాలిన వాసన వచ్చి, మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి ముడుచుకుపోయి, చల్లారాక గట్టి నల్లపూసలా మిగులుతుంది. రెండూ కలిసిన బట్టైతే కొంత బూడిద, కొంత పూస. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. లేబుల్ మీద ఏం రాసి ఉన్నా నేను ఇది చేయకుండా పని మొదలుపెట్టను. హోల్‌సేల్‌లో కాటన్ పేరుతో కొన్న సరుకులో పాలిస్టర్ కలిసి ఉండటం నేను చాలాసార్లు చూశాను.

జెర్సీ నూటికి నూరు పాలిస్టర్. కాలేజీ టీషర్ట్ నిజంగానే కాటన్, 180 జీఎస్ఎం (చదరపు మీటరు బట్ట బరువు 180 గ్రాములు).

జెర్సీ పాలిస్టర్ అని తేలగానే నాకు సగం అర్థమైంది. పాలిస్టర్‌కు వేసే రంగులు కాటన్‌కు వేసే రంగుల్లాంటివి కావు. వాటిని డిస్పర్స్ రంగులంటారు. బాగా వేడి తగిలితే అవి ఆవిరై కదులుతాయి. సబ్లిమేషన్ ప్రింటింగ్ నడిచేదే ఈ గుణం మీద. కాగితం మీది రంగు సుమారు 200 డిగ్రీల దగ్గర ఆవిరై పాలిస్టర్ పోగులోకి దూరిపోతుంది. అదే గుణం ఇక్కడ ఎదురు తిరిగింది. మెరూన్ బట్టను హీట్ ప్రెస్ కింద పెడితే ఆ బట్టలోని ఎరుపే కదిలి, పైనున్న జిగురులోకి, అక్కడి నుంచి తెల్ల ఇంకులోకి ఎక్కుతుంది. ప్రెస్ తీశాక కూడా అది ఆగదు. జిగురు పొరలో చేరిన రంగు గంటలు, రోజుల తరబడి నెమ్మదిగా పైకి పాకుతూనే ఉంటుంది. అందుకే డెలివరీ రోజు తెల్లగా ఉన్నది నాలుగో రోజుకు గులాబీ అయింది. దీన్నే డై మైగ్రేషన్ అంటారు. ఎరుపు, మెరూన్, నేవీ బ్లూ, నలుపు పాలిస్టర్‌తో ఈ బెడద ఎక్కువ.

ప్రెస్ మీద ఉన్న కుర్రాణ్ణి ఎంత వేడి పెడుతున్నావని అడిగాను. 165 డిగ్రీలు, 20 సెకన్లు, ఫిల్మ్ పీకాక మళ్లీ 10 సెకన్లు అన్నాడు. కాటన్ మీద అలవాటైన సెట్టింగే. అది తప్పని అతనికి ఎవరూ చెప్పలేదు.

నా మాట నమ్మమనకుండా అందరి ముందూ ఒక పరీక్ష చేశాం. మెరూన్ జెర్సీ ముక్క మీద తెల్ల పాలిస్టర్ గుడ్డ ముక్క పెట్టి, ఇంకు గానీ ఫిల్మ్ గానీ లేకుండా హీట్ ప్రెస్‌లో నిమిషం ఒత్తాం. తీసి చూస్తే తెల్ల ముక్క మీద గులాబీ మరక. అతని భార్య ఆ ముక్కను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "అంటే మా ఇంకు తప్పు లేదన్నమాట అన్నయ్య గారూ" అంది. రెండుసార్లు ఇంకు, పౌడర్ మార్చిన డబ్బు ఆమె పుస్తకంలోంచి పోయింది కదా.

జెర్సీ కోసం మూడు ప్రయత్నాలు

ఆ 140 జెర్సీలను బాగుచేసే దారి ఏదీ లేదని ముందే చెప్పేశాను. రంగు పొరలోకి ఎక్కిపోయింది, ఉతికినా ఏ మందు వేసినా బయటకు రాదు. అవే జెర్సీల మీద మళ్లీ ప్రింట్ వేస్తే రెండో పొర కూడా గులాబీ అవుతుంది, పైగా మందం పెరుగుతుంది. అతను కమిటీ దగ్గరకు వెళ్లి, ఏం జరిగిందో ఆ మరక ముక్క చూపించి చెప్పి, సగం డబ్బు వెనక్కి ఇచ్చాడు. ఆట అవే జెర్సీలతో జరిగింది. మళ్లీ ఇలా జరగకుండా చూడటం మీదే మేం పనిచేశాం.

మొదట వేడి తగ్గించాం. సుమారు 130 దాటాక రంగు కదలడం మొదలవుతుంది కాబట్టి 130 డిగ్రీలు, 10 సెకన్లు, ఒక్కసారే ఒత్తాం. వారం రోజులు తెలుపు తెలుపుగానే ఉంది, అతనికి ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ ముక్కల్ని ఉతికితే మూడో ఉతుక్కే అంచులు విడిపోయాయి. అతని దగ్గరున్న పౌడర్ పూర్తిగా కరిగి పోగుల్లోకి దిగాలంటే ఆ వేడి చాలదు. రంగు కదలకుండా ఉండే వేడిలో జిగురు పట్టడం లేదు, జిగురు పట్టే వేడిలో రంగు కదులుతోంది. ఈ పౌడర్‌తో మధ్యలో మనం నిలబడే చోటు లేదని నాలుగు రకాల సెట్టింగులు చూశాక ఒప్పుకున్నాం.

రెండోది నల్ల పౌడర్. జిగురు పౌడర్‌నే నల్లగా, కింది రంగును అడ్డుకునేలా తయారుచేసి అమ్ముతారు. బట్టకూ తెల్ల ఇంకుకూ మధ్య అది గోడలా నిలబడుతుంది. దీన్ని 150 దగ్గర ఒత్తినా మూడు వారాల వరకు తెలుపు చెక్కుచెదరలేదు. పెద్ద అంకెలకు బాగుంది. కానీ స్పాన్సర్ పేర్లలాంటి సన్న అక్షరాల చుట్టూ నల్ల గీత సన్నగా కనిపించింది, తెలుపు కూడా కొద్దిగా మసకబారింది. మెషిన్‌లో తెల్ల పౌడర్ తీసి నల్ల పౌడర్ పోయాలంటే పౌడర్ చల్లే షేకర్ మొత్తం దులపాలి. ఒక్క గింజ మిగిలినా తర్వాతి తెల్ల టీషర్ట్ మీద చుక్కలా తేలుతుంది. అయినా ఈ దారిని పూర్తిగా వదిలేయలేదు. కస్టమర్ తన బట్ట తానే తెచ్చి, అదే రంగు మీద కావాలని పట్టుబట్టినప్పుడు వాడేందుకు పక్కన పెట్టాం.

మూడోసారి ప్రశ్ననే తిప్పి అడిగాం. మెరూన్ బట్ట మీద తెల్ల అక్షరం నిలబెట్టడానికి ఇంత యుద్ధం చేస్తున్నాం. తెల్ల బట్ట తీసుకుని అక్షరం వదిలేసి మిగతాదంతా మెరూన్ చేస్తే? జెర్సీ పాలిస్టర్ కాబట్టి అది సాధ్యమే. జెర్సీ ముందు ముక్క, వెనక ముక్క, చేతులు అన్నీ డిజైన్‌లో వేసి, సబ్లిమేషన్ కాగితం మీద ప్రింట్ తీసి, తెల్ల పాలిస్టర్ బట్ట మీదకు ఎక్కించి, తర్వాత కత్తిరించి కుట్టడం. తెలుపు అంటే బట్ట సొంత తెలుపే, దానికి పొర లేదు, పగలదు, లేవదు. చేత్తో తడిమితే ప్రింట్ ఉన్నట్టే తెలియదు. ఆటగాడికి చెమట ఆరుతుంది.

దీనికి రోలర్ హీట్ ప్రెస్ కావాలి, కుట్టే మనుషులు కావాలి. కొనమని నేను చెప్పలేదు. ఆరు నెలల్లో అతనికి వచ్చిన జెర్సీ ఆర్డర్లు తొమ్మిది. తొమ్మిది ఆర్డర్ల కోసం యూనిట్ పెట్టడం అనవసరం. పెద్ద ఊళ్లో ఈ పని చేసే యూనిట్‌తో జాబ్‌వర్క్ మాట్లాడుకుని, డిజైన్ మాత్రం తన కుర్రాడితోనే చేయించమన్నాను. వారం టైమ్ పడుతుంది కాబట్టి టోర్నమెంట్ ఆర్డర్ పది రోజుల ముందు రాకపోతే తీసుకోవద్దని బోర్డు మీద రాయించాం. మొదట్లో రెండు ఆర్డర్లు చేజారాయి. అతనికి బాధ కలిగింది, నాకూ కలిగింది. కానీ నాలుగు రోజుల్లో ఇస్తామని ఒప్పుకున్న పనే కదా కిందటిసారి అలా అయింది.

ఆఖరి నిమిషంలో చెప్పే ఆటగాళ్ల పేర్లకు వినైల్ (అక్షరాలుగా కోసి వేడితో అతికించే ప్లాస్టిక్ షీట్) ఉంచుకోమన్నాను. కింది రంగును అడ్డుకునే పొర ఉన్న రకం వినైల్ దొరుకుతుంది. ప్లాటర్ అనే కోసే మెషిన్‌తో కోసి, చుట్టూ ఉన్న వ్యర్థం పీకి, ఒత్తాలి. పదిహేను పేర్ల వరకు సరిపోతుంది, అంతకు మించితే పీకేవాడి వేళ్లు నొప్పి పుడతాయి.

ఆర్డర్ పుస్తకం చెప్పింది

రెండో ఫిర్యాదులోకి వెళ్లే ముందు ఆ అమ్మాయి రాసిన ఆర్డర్ పుస్తకం అడిగాను. ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఎక్కువ సాయం చేసింది ఆ పుస్తకమే. తేదీ, బట్ట, పీసులు, ఎన్ని రంగులు, ఎంత ధర, అన్నీ చక్కని చేతిరాతతో ఉన్నాయి. ఆరు నెలల్లో 118 ఆర్డర్లు. వాటిని పీసుల లెక్కన మూడు కుప్పలు చేశాం. పది పీసుల లోపు ఆర్డర్లు 71, మొత్తం 190 పీసులు. పది నుంచి యాభై వరకు 29 ఆర్డర్లు, 750 పీసులు. యాభై దాటినవి 18 ఆర్డర్లే, కానీ పీసులు 2,900. ప్రతి నాలుగు టీషర్ట్‌లలో మూడు ఈ 18 ఆర్డర్లవే. కాలేజీ ఫెస్ట్‌లు, వినాయక చవితి కమిటీలు, స్కూళ్లు, షోరూముల యూనిఫాంలు. ఇంకొకటి చూశాం: ఈ పెద్ద ఆర్డర్లలో 14 డిజైన్లు మూడు రంగుల లోపే.

డీటీజీ సంగతి ఇక్కడే తేలిపోయింది. డీటీజీ అంటే కాగితం మీద ప్రింట్ చేసినట్టు నేరుగా బట్ట మీద ఇంకు చల్లే మెషిన్. కాటన్ మీద ఫొటో లాంటి ప్రింట్ మెత్తగా, అందంగా వస్తుంది, నాకు చాలా ఇష్టమైన పద్ధతి. కానీ ముదురు రంగు బట్ట అయితే ముందు ప్రీట్రీట్‌మెంట్ మందు చల్లి ఆరబెట్టాలి, లేకపోతే తెలుపు బట్టలోకి ఇంకిపోతుంది. (మన పెడన కలంకారీవాళ్లు అద్దకానికి ముందు గుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెట్టేది కూడా బట్టను సిద్ధం చేయడానికే. కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లు పడితేనే ఆ గట్టి నలుపు వస్తుంది. బట్టను సిద్ధం చేయడం మన ప్రాంతానికి కొత్త విద్య కాదు.) తెల్ల ఇంకు నిలవ ఉంటే అడుగున పేరుకుపోతుంది కాబట్టి మెషిన్ రోజూ నడవాలి, నడవకపోతే ఇంకు చల్లే హెడ్ మూసుకుపోతుంది. పాలిస్టర్‌తో దీనికి సరిగా పొసగదు.

ఇప్పుడు ఆ షాపుకు డీటీజీ ఎవరి కోసం? ఒకటీ రెండు పీసుల ఆర్డర్ల కోసం. ఆ 71 ఆర్డర్లలో ప్రింట్ గురించి ఫిర్యాదు ఒక్కటీ లేదు. పుట్టినరోజు ఫొటోలు, పెళ్లికి స్నేహితుల టీషర్ట్‌లు, అన్నీ డీటీఎఫ్‌లోనే హాయిగా వెళ్లిపోయాయి. ఆరు నెలల్లో 190 పీసులంటే రోజుకు ఒకటి. దాని కోసం నెలకు 31 వేల చిల్లర ఈఎంఐ ఐదేళ్లు. ఇబ్బంది ఉన్నది జెర్సీల్లోనూ పెద్ద ఆర్డర్లలోనూ, ఆ రెండింటికీ డీటీజీ మందు కాదు. ఈ లెక్క నేను చెప్పలేదు. ఆమె కాలిక్యులేటర్ మీద వేసి అతనికి చూపించింది. అతను ఆ రాత్రే కొటేషన్ ఇచ్చినవాళ్లకు వద్దని మెసేజ్ పెట్టాడు.

కాలేజీ టీషర్ట్: ఖర్చు లెక్క, మళ్లీ ఒక ఓటమి

మూడు రంగుల లోపు డిజైన్, 300 పీసులు, నల్ల కాటన్. ఇది స్క్రీన్ ప్రింటింగ్‌కు పుట్టిన పని. అయినా నేను స్క్రీన్ ప్రింటర్‌ని కాబట్టి నా పక్షపాతం మీద నాకే అనుమానం ఉండాలి. అందుకే లెక్క వేశాం.

ఏ3 సైజు డీటీఎఫ్ ప్రింట్‌కు 35 రూపాయలు పడుతుందని అతను అనుకునేవాడు. అది ఫిల్మ్, ఇంకు మాత్రమే. పౌడర్, కరెంటు, రోజూ పొద్దున హెడ్ శుభ్రం చేయడానికి పోయే ఇంకు, పాడైన ప్రింట్లు, ప్రెస్ కుర్రాడి కూలి కలిపితే 57 వచ్చింది. స్క్రీన్ అయితే ఒక్కో రంగుకు ఒక జాలీ తెర తయారుచేయాలి: పాజిటివ్ (డిజైన్ ఫిల్మ్), కోటింగ్ (జాలీకి మందు పూయడం), ఎక్స్‌పోజింగ్ (దాని మీద వెలుతురు పడేయడం) కలిపి 450. నల్ల బట్ట మీద రెండు రంగులంటే కింద తెల్ల బేస్‌తో కలిపి మూడు స్క్రీన్లు, 1,350. ఆ తర్వాత పీస్‌కు ఇంకు, కూలి 15. పీస్‌కు 42 మిగులుతుంది కాబట్టి 33వ పీస్ నుంచి స్క్రీన్ చవక. ప్రింట్ తప్పే పీసులు, స్క్రీన్లు సెట్ చేసే టైమ్ కలుపుకుని యాభై దగ్గర గీత గీశాం. ఒక్క రంగే అయితే ఆ గీత ఇరవైకి దిగుతుంది. ఫొటో అయితే గీతే లేదు, ఎన్ని పీసులైనా డీటీఎఫ్‌కే.

మెషిన్లు కొనకుండా ముందు ఊళ్లోనే జెండాలు, సంచులు ప్రింట్ చేసే ఒక పాత స్క్రీన్ ప్రింటర్‌కు 60 టీషర్ట్‌ల ఆర్డర్ ఇప్పించాం. ప్రింట్ చూడటానికి బ్రహ్మాండంగా వచ్చింది. పదిహేను రోజులకు తెలుపు పగిలి, గోరుతో గీకితే ఊడిపోయింది. తలకొట్టేసినట్టయింది నాకు, ఎందుకంటే ఆ సలహా నాది.

వెళ్లి చూస్తే కారణం తెలిసింది. ఆ పెద్దాయన ఇన్నాళ్లూ వాడింది గాలికి ఆరే ఇంకులు. ఈ పనికి మొదటిసారి ప్లాస్టిసాల్ అనే ఇంకు తెచ్చాడు. హీట్ గన్ తిప్పి, ముట్టుకుంటే వేలికి అంటలేదు కాబట్టి ఆరిందనుకున్నాడు. ప్లాస్టిసాల్ ఆరే ఇంకు కాదు, ఉడకాల్సిన ఇంకు. పొర పైనుంచి అడుగు దాకా సుమారు 160 డిగ్రీలు అందితేనే అది పూర్తిగా గట్టిపడుతుంది. పైపొర ఉడికి అడుగు పచ్చిగా ఉండిపోతే వేలికి తెలియదు, ఉతికేటప్పుడే బయటపడుతుంది. అందులోనూ నల్ల బట్ట మీద తెలుపు మందంగా వేస్తాం కాబట్టి అడుగుకు వేడి చేరడానికి ఇంకా టైమ్ కావాలి. పంపే ముందు ప్రింట్‌ను రెండు చేతులా సాగదీసి చూస్తే తెలిసిపోతుంది: ఉడికినది సాగి వెనక్కి వస్తుంది, పచ్చిది చీలుతుంది. ఆ పెద్దాయనకు ఇది చెప్పకుండా పని ఇప్పించడం నా తప్పు. ఏ ఇంకు వాడతావని నేను అడగనే లేదు.

తర్వాతి ఆర్డర్‌కు చిన్న టన్నెల్ డ్రయ్యర్ (బెల్టు మీద బట్టను వేడి గుండా పంపే మెషిన్) కొన్నారు, నాలుగు రంగుల చేతి ప్రెస్‌తో కలిపి రెండు లక్షల లోపే అయింది. పెద్దాయనే వచ్చి వారానికి మూడు రోజులు షాపులో ప్రింట్ చేస్తున్నాడు. వేడికి రంగు మారే స్ట్రిప్ ఒకటి ప్రింట్ పక్కన అంటించి డ్రయ్యర్‌లోకి పంపడం అలవాటు చేశాం. బెల్టు వేగం దాన్నిబట్టే పెడతారు.

డీటీఎఫ్‌లోనే చేయాల్సిన పెద్ద బొమ్మలకు డిజైన్ కుర్రాడితో ఇంకొక మార్పు చేయించాం. నల్ల టీషర్ట్ మీద నల్ల రంగు ప్రింట్ చేయడం ఎందుకు? బొమ్మలోని నలుపంతా తీసేసి బట్ట నలుపునే కనిపించనివ్వమన్నాను. నిండుగా ఉన్న చోట సన్న గీతలు, చుక్కలుగా విడగొట్టించాను. కాలేజీ బొమ్మనే అలా మార్చి చూస్తే ఇంకు పడే మేర సగానికి తగ్గింది. బట్ట వంగుతోంది, గాలి ఆడుతోంది, ఫిల్మ్ ఖర్చు తగ్గకపోయినా ఇంకు ఖర్చు తగ్గింది. ఆ కుర్రాడు తనంతట తానే పాత డిజైన్లన్నీ తీసి మార్చుకున్నాడు, నాకు ముచ్చటేసింది.

ఉతికి చూడటం

అంచులు లేవడానికి ఇంకో కారణం ఉతికే తీరు. కంపెనీలు చెప్పే వాష్ టెస్ట్ వాషింగ్ మెషిన్‌లో జరుగుతుంది. హాస్టల్ కుర్రాడు బకెట్‌లో నానబెట్టి, బండ మీద వేసి, సబ్బు రుద్ది, బ్రష్ కొడతాడు. తర్వాత ఎండలో ఆరేసి, ప్రింట్ మీదే ఇస్త్రీ పెట్టె పెడతాడు. అందుకే మేం కూడా బండ మీదే పరీక్షించాం. ప్రతి కొత్త బట్ట, కొత్త పౌడర్, కొత్త ఇంకుతో చేసిన ముక్కను సగానికి కత్తిరించి, ఒక సగం దాచి, రెండో సగాన్ని బ్రష్ కొట్టి పదిసార్లు ఉతికి పక్కపక్కన పెట్టి చూడటం. డీటీఎఫ్ బ్రష్‌కు తొందరగా లొంగుతుంది. సరిగా ఉడికిన స్క్రీన్ ప్రింట్ బాగా నిలబడింది. సబ్లిమేషన్‌కు ఏమీ కాలేదు, ఊడటానికి అక్కడ పొర లేదు కదా. తిరగేసి ఉతకండి, ప్రింట్ మీద ఇస్త్రీ వద్దు, బ్రష్ వద్దు అని తెలుగులో ఒక చీటీ అచ్చు వేయించి ప్రతి కవర్‌లో పెడుతున్నారు. దాంతో ఫిర్యాదులు ఎంత తగ్గాయో విడిగా లెక్కగట్టలేను, ఎందుకంటే అన్నీ ఒకేసారి మార్చాం.

ఈ కేసు నుంచి నేను మార్చుకున్నవి

ఎవరైనా ఏ పద్ధతి మంచిదని అడిగితే ఇదివరకు నేను కూడా పద్ధతుల గురించే మాట్లాడేవాణ్ణి. ఇప్పుడు వరస మార్చాను. మొదట బట్ట ఏమిటి, ఏ రంగు. తర్వాత ఎన్ని పీసులు. ఆ తర్వాత డిజైన్‌లో ఎన్ని రంగులు, ఎంత మేర నిండుగా ఉంది. చివరికి ఎన్ని రోజుల టైమ్ ఉంది. ఈ నాలుగూ చెబితే పద్ధతి చాలావరకు దానంతటదే తేలుతుంది. ఆ షాపులో ఆర్డర్ ఫారం ఇదే వరసలో అచ్చు వేయించారు. బట్ట గడి నింపకపోతే ఆమె అడ్వాన్స్ తీసుకోదు.

వేడి పరీక్ష చేసిన వెంటనే ఫలితం రాసుకోవడం మానేశాను. మైగ్రేషన్‌కు కనీసం వారం ఆగాలి. తొలి రోజు బాగుందని రాసుకుంటే ఆ జెర్సీల విషయంలో లాగే మోసపోతాం. ఇక వేరే ప్రింటర్‌కు పని ఇప్పించే ముందు ఇంకు డబ్బా నా కళ్లతో చూస్తున్నాను.

కాలేజీ నుంచి ఈ ఏడాది ఫెస్ట్‌కు 420 పీసుల ఆర్డర్ మళ్లీ వీళ్లకే వచ్చింది, స్క్రీన్‌లోనే చేశారు. క్రికెట్ కమిటీ మాత్రం ఇంకా రాలేదు.

కిందటి నెల వెళ్లినప్పుడు షాపు గోడకు దారం కట్టి, క్లిప్పులతో గుడ్డ ముక్కలు వేలాడదీసి కనిపించాయి. ప్రతి ముక్క మీదా తేదీ, వేడి, సెకన్లు పెన్నుతో రాసి ఉన్నాయి. చివరిది నేవీ బ్లూ ఫ్లీస్, ఎవరో హుడీలు అడిగారట. నల్ల పౌడర్‌తో 145 దగ్గర ఒత్తారు. పన్నెండో రోజు. తెలుపు ఇంకా తెలుపుగానే ఉంది. "ఇరవై ఒకటి దాటనివ్వండన్నయ్యా, అప్పుడు ఆర్డర్ ఒప్పుకుంటాను" అన్నాడు.